తల్లిగారింటి బెంగకు నేను చేసిన వైద్యం

1958 జూలై ఏడో తేదీ, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు లింగమ్మ మొదటిసారి నా పడక కుర్చీలో కూర్చుంది. నల్లగొండ సర్కారు దవాఖానలో మందుల గది వెనుక ఉన్న చిన్న గది అది. ఆమెకు ముప్ఫై ఏళ్ళు. మర్రిగూడ వైపు ఒక మెట్ట ఊళ్ళో గొర్లు కాచుకునే మల్లయ్య భార్య. చంకలో రెండేళ్ళ బిడ్డ ఎల్లమ్మ. నడుము పట్టేస్తోందని, మెడ తిరగడం లేదని, రాత్రుళ్ళు నిద్ర రాదని చెప్పింది. గంట గడిచాక ఆమెను కుర్చీలోంచి లేపడానికి మల్లయ్య ఒక రెక్క, ఆయా ఒక రెక్క పట్టుకోవలసి వచ్చింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకొని చూస్తూ, "రోగికి ఇక్కడి నుంచి వెళ్ళాలని లేదు" అని రాసుకున్నాను.

మనోవిశ్లేషణతో ఏ జబ్బు నయమవుతుంది, ఏది కాదు అని ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు. పై వాక్యాన్ని ఒక ఎం.బి.బి.ఎస్. చదివిన మనిషి రాసిందని గుర్తు పెట్టుకొని మిగతాది చదవండి. జవాబు సగం అందులోనే ఉంది.

పడక కుర్చీ

నేను ఆ దవాఖానలో లేడీ డాక్టర్ని. పొద్దున పూట కాన్పులు చేసేదాన్ని. అంతకు ముందు రెండేళ్ళు కలకత్తాలో ఒక గురువుగారి దగ్గర మనోవిశ్లేషణ నేర్చుకొని వచ్చాను కనుక, సోమవారం, గురువారం మధ్యాహ్నాలు ఆ చిన్న గది నాకిచ్చారు. అది జిల్లా పట్ల దయతో ఇచ్చింది కాదు, నా పోరు పడలేక ఇచ్చింది. ఊళ్ళో దానికి మాటల దవాఖాన అని పేరు పడింది. ఆ పేరులో వెక్కిరింత ఉందని నాకు మూడేళ్ళ దాకా తెలియలేదు. గౌరవమే అనుకున్నాను.

కలకత్తాలో రోగి మంచం మీద పడుకొని, మనసుకు తోచింది తోచినట్టు చెప్పాలి. డాక్టరు తల వెనుక, కనబడకుండా కూర్చోవాలి. నల్లగొండలో డాక్టరు ముందు పడుకోవడమంటే కాన్పుకో చావుకో అన్నట్టు. అందుకని హైదరాబాదు నుంచి గుడ్డ వేసిన పడక కుర్చీ ఒకటి తెప్పించాను. నేను పుట్టిందీ ఈ జిల్లాలోనే అయినా, ఇక్కడ పడక కుర్చీలో ఎవరు కూర్చుంటారో గుర్తు రాలేదు. గడీలో దొర కూర్చుంటాడు. మిగతావాళ్ళు ఆయన ముందు చేతులు కట్టుకొని నిలబడతారు. మొదటి ఆరు నెలల్లో వచ్చిన వాళ్ళంతా ఆ కుర్చీని చూసి గోడకు అంటుకుపోయారు. ఒక ముసలాయన కుర్చీ పక్కన నేల మీద కూర్చొని, "నీ కుర్చీ నువ్వే కూసో దొరసాని, నేనీడ మంచిగున్న" అన్నాడు. ఇవన్నీ 'ప్రతిఘటన' కింద రాసుకున్నాను. మా శాస్త్రంలో అది చాలా వీలైన మాట. రోగి ఒప్పుకుంటే డాక్టరు చెప్పింది నిజం, ఒప్పుకోకపోతే ప్రతిఘటన.

కలకత్తాలో రోగి వారానికి ఐదు రోజులు వచ్చేవాడు. నా దగ్గరికి బస్సు దొరికిన రోజున వచ్చేవాడు. మా గురువుగారు సాగనంపుతూ రెండు నియమాలు చెప్పారు. రోగిని తాకవద్దు. రోగికి సలహా ఇవ్వవద్దు. ఈ రెండింటిలో ఏది పాటించాలో, ఏది వదిలేయాలో నేను సరిగ్గా తలకిందులుగా నిర్ణయించుకున్నాను.

ఆలేరు గొంతు

నా గర్వానికి ఒక కారణం ఉంది. అది కూడా చెప్పకపోతే ఈ వైద్యానికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఆలేరు రైల్వే స్టేషన్లో టికెట్లు ఇచ్చే గుమాస్తా ఒకాయనకు ఒకరోజు గొంతు పోయింది. గుసగుస కూడా రాదు. మా సివిల్ సర్జన్ హైదరాబాదు మనిషి, ఉర్దూలో ఆలోచించి తెలుగులో తిట్టేవాడు. ఆయన గొంతులో ఏదో మందు రాశాడు, తరువాత కరెంటు పెట్టించాడు. గొంతు రాలేదు కానీ, గుమాస్తా దవాఖాన పేరెత్తితే పారిపోవడం నేర్చుకున్నాడు. చివరికి, "నీ మాటల దవాఖానకు మాటల్లేని మనిషి దొరికిండు, తీస్కపో డాక్టరమ్మా" అని నాకు అప్పజెప్పాడు.

గుమాస్తా చదువుకున్నవాడు, కుర్చీకి భయపడలేదు. పలక మీద రాస్తాడు, నేను చదువుతాను. ఇద్దరిలో నేనొక్కదాన్నే మాట్లాడే ఆ మాటల వైద్యం మూడు నెలలు సాగింది. పొలం పంపకంలో కొట్లాడి ఇల్లు వదిలిన తమ్ముడు ఒకరోజు అదే కిటికీ దగ్గరికి వచ్చి కాజీపేటకు టికెట్ అడిగాడట. ఈయన టికెట్ ఇస్తూ, "పో, మల్ల నీ మొఖం సూపియ్యకు" అన్నాడట. అది రాయడానికి ఆయన పలక నాలుగుసార్లు తుడిచాడు. నేను ఆ మాటను పైకి చదివాను. ఆయన ఏడ్చాడు. ఏడుపుకు చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వెంట మాట వచ్చింది.

తమ్ముడు రాలేదు. గొంతు వచ్చింది. ఈ వైద్యం ఇవ్వగలిగింది అంతే, అది తక్కువేమీ కాదు. కానీ నేను ఆ సాయంత్రం ఇంటికి నడిచిన తీరు చూస్తే, సముద్రం దాటి వచ్చానని అనుకునేవారు. సివిల్ సర్జన్ ఒక్కసారి తప్పు చెప్పాడు కనుక ఇక ఎప్పుడూ తప్పే చెబుతాడని కూడా ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాను.

లింగమ్మ

లింగమ్మ వచ్చింది ఆ తరువాత నెలలోనే.

ఆమె తల్లిగారిల్లు కృష్ణ ఒడ్డున, నందికొండకు ఎగువన. పదిహేనేళ్ళకు పెళ్ళయి మెట్ట ఊరికి వచ్చింది. మొదటి బిడ్డ మూడేళ్ళకే జ్వరంతో పోయాడు. అత్త ఏడవనివ్వలేదు, కడుపుతో ఉన్నప్పుడు ఏడిస్తే లోపలి బిడ్డకు మంచిది కాదని. అప్పటి నుంచి నిద్ర లేదు. ఇది నాకు తెలిసిన జాగా. ఇక్కడ నేను తడబడలేదు. ఐదు నెలల్లో ఆమె ఆ ఏడుపు ఏడ్చింది, నిద్రపోయింది. మల్లయ్య నాకు ఒక గొర్రెపిల్లను తెచ్చి ఇవ్వబోయాడు.

నిద్ర పట్టింది కనుక నడుమూ నా సొత్తే అనుకున్నాను.

నా దగ్గర రుజువులు కూడా ఉన్నాయి. ఎల్లమ్మ కాన్పుకు తల్లిగారింటికి వెళ్ళి ఐదారు నెలలు ఉన్నప్పుడు లింగమ్మకు నొప్పులు చాలావరకు తగ్గిపోయాయట. తిరిగొచ్చిన మూడు నెలలకు మళ్ళీ పట్టుకున్నాయి. "ఆడికి పోతె నా నడుము నాదే అమ్మా. గీడికొస్తె ఎవలిదో అయితది" అనేది. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట, తల్లిగారింటికి పోయి ఉంటానని. అమ్మ దగ్గర ఉంటే పోయే నొప్పి, అత్త దగ్గర ఉంటే వచ్చే నొప్పి! పుస్తకంలో అచ్చు వేసినట్టు ఉంది. ఎదగడానికి ఇష్టపడని మనసు, నడుమును అడ్డం పెట్టుకొని అమ్మ ఒడిలోకి పారిపోతోంది.

అత్త ప్రతిసారీ తోడు వచ్చి గుమ్మం బయట కూర్చునేది. తలుపు సందులోంచి అన్నీ వినేది. ఒకరోజు లోపలికి తొంగి చూసి, "గీ ముచ్చట్లకు బస్సు కిరాయి పెట్టుకొని రావాల్నా? ఇంట్ల నాతోని చెప్పరాదానే?" అంది.

"అన్నీ నీ మీది ముచ్చట్లే గదత్తా," అంది లింగమ్మ.

ఆ అత్తకు కూడా మెడ తిరిగేది కాదు. తొంగి చూసిందంటే మొత్తం మనిషి తొంగి చూసినట్టే. అది నేను గమనించకపోలేదు. గమనించి, "కోడలు తాను ద్వేషించే అత్త నడకను తనకు తెలియకుండానే అనుకరిస్తోంది" అని రాసుకున్నాను. ఇంకొకటి. తక్కిన రోగులందరూ వెనుక కూర్చున్న నన్ను చూడటానికి నిమిషానికోసారి మెడ తిప్పేవారు. లింగమ్మ ఒక్కసారి కూడా తిప్పలేదు. పద్ధతి ఇంత చక్కగా పట్టుబడిన రోగి కలకత్తాలో కూడా లేడని గురువుగారికి ఉత్తరం రాశాను. భర్త పేరు అడిగితే చెప్పలేదని, "మా ఎల్లమ్మ నాయిన" అని తప్పించుకుందని, భర్త మీద లోలోపల కోపం ఉన్నట్టుందని కూడా రాశాను. మా అమ్మ తన జన్మలో మా నాన్న పేరు పలకలేదు. ఆమె మా నాన్న మీద కోపాన్ని లోలోపల దాచుకున్న మనిషి కూడా కాదు, వీధి చివరిదాకా వినబడేది.

సివిల్ సర్జన్ ఒకరోజు వరండాలో లింగమ్మను లేపుతుండగా చూసి నన్ను పిలిచాడు. ఆమె నడుము పట్టి చూశారా అని అడిగాడు. మా పద్ధతిలో రోగిని తాకకూడదని చెప్పాను. ఆయన, "తాకకుండ నయం చేసేటోడు మా గల్లీల ఒకడున్నడు. వాడు గూడ వేపమండతోనన్న కొడ్తడు," అన్నాడు. ఆ వైపు నీళ్ళు మంచివి కావని, ఎక్స్‌రే ఫిల్ములు వచ్చినప్పుడు ఒకటి తీయిద్దామని అన్నాడు. ఆలేరు గుమాస్తాకు కరెంటు పెట్టిన మనిషి నాకు చెప్పడమా అనుకున్నాను. ఫిల్ములు ఆ ఏడాది రాలేదు. వచ్చిన తరువాత నేను అడగలేదు. ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఉంటుందని, అది ఎముకలను బిగదీస్తుందని నేను చదవనిది కాదు. పరీక్షలో అడిగితే రెండు పేజీలు రాసి ఉండేదాన్ని.

1959 వేసవిలో మల్లయ్య ఒక సంగతి చెప్పాడు. మామతో మాట్లాడానని, వాళ్ళు తమ ఇంట్లో ఒక అర్ర ఖాళీ చేసి ఇస్తామన్నారని. "నా గొర్లకు గడ్డి ఏడున్న ఒక్కటే డాక్టరమ్మా. నది ఒడ్డుకు తోలుకపోత. ఇద్దరు ఆడ్నే సుకంగుంటరు. ఏమంటవు?" అన్నాడు. ముగ్గురూ బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నారు. నా మాట కోసం ఆగారు.

సలహా ఇవ్వకూడదన్న నియమం అప్పుడు నాకు గుర్తు రాలేదు. పారిపోతే జబ్బు వెంట వస్తుందని, అమ్మ ఇంటికి పోవడం పిరికితనమని, ఉన్నచోట నిలబడి ఆ కోరికను జయించాలని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇంకొక ఏడు నెలలు ఆ కోరిక మీదే పనిచేశాను. 1960 జనవరిలో ఒకరోజు లింగమ్మ, "ఇప్పుడు తల్లిగారిల్లు యాదికొస్తలేదమ్మా," అంది. నొప్పి తగ్గిందా అని నేను అడగలేదు. హైదరాబాదులో డాక్టర్ల సభలో ఈ కేసు గురించి నలభై నిమిషాలు ప్రసంగించాను. చప్పట్లు బాగానే కొట్టారు.

పాలమూరు

ఆ ఏడాదే మహబూబ్‌నగర్‌కు బదిలీ అయింది. అక్కడ మగవాళ్ళు గుంపులు గుంపులుగా దూరపు కట్టల పనులకు వెళ్ళిపోయేవారు. వెనుక ఉండిపోయిన ఆడవాళ్ళలో కొందరికి గాలి సోకినట్టు ఫిట్లు వచ్చేవి. నేను వాళ్ళను మాట్లాడించేదాన్ని. ఆరు నెలల్లో ఫిట్లు సగానికి తగ్గేవి. మేస్త్రీ పని ఆపి మొగుణ్ణి ఇంటికి పంపితే రెండు రోజుల్లో మొత్తంగా పోయేవి. ఆ మేస్త్రీ నాకంటే గట్టి వైద్యుడని నవ్వుకున్నానే గాని, మనసులో జబ్బు అనుకున్నది ఊళ్ళోనో కూలిలోనో ఉండవచ్చని, అక్కడ దాన్ని వెతకవలసిన పని నాదేనని తట్టలేదు. మనిషికి పాఠం పక్కింట్లో జరిగినా చాలదు, తన ఇంట్లోనే జరగాలి కాబోలు.

సూదులు వేసిన రోజు

1964లో మళ్ళీ నల్లగొండకు వచ్చాను. ఆ ఏడు కలరా సూదులు వేయడానికి ఊళ్ళు తిరుగుతూ లింగమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళాం. బడి ముందు వరుస కట్టించారు. జనం బడి వైపు తిరిగి నిలబడ్డారు. నేను జీపు దిగి వెనుక నుంచి వస్తూ, వరుసలో ఉందేమోనని, "లింగమ్మా" అని పిలిచాను.

ఎవరో పిలిచారని వరుసంతా చూసింది. పిల్లలు తలలు తిప్పారు. పెద్దవాళ్ళలో సగం మంది మాత్రం తల తిప్పలేదు. ఎద్దులబండిని మళ్ళించినట్టు, పాదాల నుంచి మొత్తం మనిషిని కొంచెం కొంచెంగా తిప్పుకొని నన్ను చూశారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పటేలు, పటేలు ఇంట్లో పనిచేసేవాడు. అది తల్లిగారింటి మీది బెంగ అయితే, ఊరు ఊరంతా తల్లిగారిళ్ళ మీద బెంగ పెట్టుకొని ఉండాలి. పటేలుతో సహా.

లింగమ్మ వరుసకు ముందు భాగంలోనే ఉంది. కర్ర పట్టుకొని, నేలను చూస్తూ నిలబడింది.

"నన్ను గుర్తుపట్టినవా?"

"పట్టకేం అమ్మా. నీ కుర్చీల కూసున్న నడుమే గద ఇది."

సూది వేయడానికి ఆమె చెయ్యి పట్టుకున్నాను. మోచెయ్యి చాపుకోలేదు. సూది పక్కన పెట్టి ఆమె వెన్ను మీద చెయ్యి వేశాను. ఆరేళ్ళలో మొదటిసారి. గుడ్డ కప్పిన దూలాన్ని తడిమినట్టుంది. ఎం.బి.బి.ఎస్. మూడో ఏడు చదివే పిల్లకైనా అర నిమిషం పట్టదు. నాకు ఆరేళ్ళు పట్టింది.

ఇక్కడి బావి నీళ్ళు తాగవద్దని, రేపే బిడ్డను తీసుకొని తల్లిగారింటికి వెళ్ళిపొమ్మని చెప్పాను. ఆమె నవ్వింది.

"ఇప్పుడు పొమ్మంటవా? గప్పుడు నేను పోతనంటె వద్దంటివి. మొగుడు పోదమంటె వద్దంటివి. కూసోబెట్టి కూసోబెట్టి మాన్పిస్తివి. మానుకున్న."

"అప్పుడు చెప్పింది తప్పు. ఇప్పుడు నీళ్ళ కోసం పో."

"యాడికి పోవాలమ్మా? మా ఊరు నందికొండ కట్ట నీళ్ళల్ల మునుగుతాందని సర్కారోళ్ళు లేపిన్రు. మా నాయినోళ్ళు పోయినేడే దూలాలు గూడ పీక్కొని మెట్టకు పోయిన్రు. ఆడ గూడ బాయి నీళ్ళేనంట."

ఎల్లమ్మ ఏదని అడిగాను. బడి గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్లను చూపించింది. ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. పళ్ళ మీద గోధుమరంగు చారలు. దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి చాపమంటే చాపింది కానీ, సూది వైపు చూస్తూ అడిగింది.

"చేతికెందుకు, కాళ్ళకెయ్యరాదు?"

ఇది కాళ్ళ మందు కాదని చెప్పాను.

నా ముఖం ఎలా ఉందో తెలియదు. లింగమ్మే ఓదార్చింది. "నీ మీద కోపం లేదమ్మా. నిద్రయితె పట్టింది గద. ఇప్పటికీ మంచిగ నిద్రపోత."

ఆమె నా వైద్యం గురించి చెప్పినంత సరైన మాట ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు తరువాత మల్లయ్య కావడితో వాగు దాకా వెళ్ళి, ఇసుకలో తవ్విన చెలిమె నీళ్ళు తెచ్చాడు. వాగులో తడి ఉన్నన్నాళ్ళూ తెచ్చాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

ఇది చదివి, మనోవిశ్లేషణ దండగ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. మింగేసిన ఏడుపు, ఒక్క మాట అన్నందుకు పోయిన గొంతు, కారణం తెలియని భయం, వీటికి ఇంతకంటే మంచి మందు నేను చూడలేదు. ముప్ఫై ఏళ్ళు అదే చేశాను, లింగమ్మ తరువాత కూడా. ఆకలికి, తాగుడుకు, కూలికి, నీళ్ళకు, ఎముకలకు అది పనిచేయదు. ఇబ్బంది ఏమిటంటే ఈ రెండు రకాలూ ఒకే మనిషిలో, ఒకే కుర్చీలో వచ్చి కూర్చుంటాయి. మొదటిదాన్ని మీరు నయం చేస్తే రెండోది మీ కంటికి కనబడటం మానేస్తుంది.

అందుకని ముందు మీరు డాక్టర్లు. పట్టి చూడండి. ఏ నీళ్ళు తాగుతున్నారో అడగండి. బయట కూర్చున్న అత్తను కూడా లోపలికి పిలిచి పట్టి చూడండి. ఆ తరువాత కుర్చీ వేయండి. ఒక మనిషి ఎక్కడికైనా పోతానని మళ్ళీ మళ్ళీ అంటుంటే, ఆ కోరికకు మూలం ఏమిటని తవ్వేముందు, అక్కడ ఏముందో ఒకసారి కనుక్కోండి. కోరికను మాన్పించడం మన వైద్యానికి చేతనవును, అందులోనే దాని ప్రమాదం ఉంది. నాకంటే తెలివితక్కువ డాక్టరు అయితే లింగమ్మ కోరికను మాన్పించలేకపోయేది. ఆమె వెళ్ళిపోయేది.

పోయినవి

లింగమ్మకు: మెడ, నడుము, కుడి మోచెయ్యి. 1959లోనే వెళ్ళి, ఊరు లేచేదాకా ఆ నాలుగేళ్ళు నది నీళ్ళు తాగి ఉంటే ఇందులో కొంతయినా మిగిలేది. ఎంతో చెప్పలేను.

ఎల్లమ్మకు: రెండు కాళ్ళు. వెళ్ళి ఉంటే ఇవి పూర్తిగా మిగిలేవి.

మల్లయ్యకు: ఖాళీ చేసి ఉంచిన ఒక అర్ర, నది ఒడ్డు గడ్డి.

అత్తకు: నేను అడగలేదు.

నాకు: ఏమీ పోలేదు. రిటైరయ్యేదాకా జీతం సరిగ్గానే వచ్చింది.